న్యాయాధికారుల స్వతంత్రత, జవాబుదారీతనం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నేపథ్యంలో ఒక విమర్శ

సారాంశం

న్యాయవ్యవస్థ స్వతంత్రతను, జవాబుదారీతనాన్ని ఒకే తక్కెడలోని రెండు పళ్లాలుగా చూపడం మన చర్చల్లో స్థిరపడిన అలవాటు. ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతుందన్నది ఆ ఉపమానం వెనుక ఉన్న భావన. ఈ వ్యాసం ఆ భావనను ప్రశ్నిస్తుంది. ఉమ్మడి నల్లగొండ ప్రాంతపు అనుభవం ఆధారంగా చూస్తే అసలు అసమతౌల్యం న్యాయస్థానాల మెట్ల మధ్య ఉందని ప్రతిపాదిస్తుంది. కింది మెట్టుపై ఉన్న న్యాయాధికారికి జవాబుదారీతనం ఎక్కువ, రక్షణ తక్కువ. పై మెట్టుపై ఉన్న న్యాయమూర్తికి రక్షణ ఎక్కువ, జవాబుదారీతనం తక్కువ. తీర్పును పరీక్షించడం, నడవడికను విచారించడం అనే రెండు పనులను విడదీసి, రెండింటినీ అన్ని మెట్లకూ వర్తింపజేయడమే పరిష్కారమని వాదిస్తుంది.

కీలక పదాలు: న్యాయవ్యవస్థ స్వతంత్రత, జవాబుదారీతనం, 235వ అధికరణ, అంతర్గత విచారణ విధానం, ప్రత్యేక ట్రిబ్యునళ్లు, విచారణ కమిషన్, నల్లగొండ, సూర్యాపేట.

1. ఉపోద్ఘాతం

న్యాయవ్యవస్థ గురించిన మన విద్యావిషయక చర్చ సాధారణంగా ఢిల్లీలో మొదలై ఢిల్లీలోనే ముగుస్తుంది. కొలీజియం, జాతీయ న్యాయ నియామకాల కమిషన్, అభిశంసన అనే మూడు మాటల చుట్టూ అది తిరుగుతుంది. సామాన్య పౌరుడు మాత్రం న్యాయాన్ని చూసేది తన పట్టణంలోని కోర్టు ఆవరణలో. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ఆయకట్టులో హద్దు తగాదా వచ్చిన రైతు, మిర్యాలగూడ బియ్యం మిల్లుకు ధాన్యం పోసి డబ్బు రాబట్టుకోలేకపోయిన వ్యక్తి, సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిపై ప్రమాదంలో కుటుంబసభ్యుణ్ణి కోల్పోయి పరిహారం కోసం తిరిగే మహిళ – వీరికి న్యాయవ్యవస్థ అంటే ఆ కోర్టులో కూర్చున్న ఒక్క అధికారి. నోటు దావా అయినా, ఇంజంక్షను ఉత్తర్వు అయినా, చెల్లని చెక్కు కేసు అయినా వారి కథ అక్కడే మొదలవుతుంది. చాలాసార్లు అక్కడే ముగుస్తుంది.

2022 జూన్ 2న తెలంగాణలో కొత్త జ్యుడీషియల్ జిల్లాలు ప్రారంభమైనప్పుడు సూర్యాపేట ప్రత్యేక జ్యుడీషియల్ జిల్లా అయింది. కోదాడ దాని పరిధిలోకి వచ్చింది. మిర్యాలగూడ నల్లగొండ పరిధిలోనే కొనసాగింది. కోర్టు ప్రజలకు దగ్గరైంది. అయితే ఆ కోర్టులోని న్యాయాధికారి ఎవరి ఒత్తిడికీ లొంగకుండా ఉండగలడా, తప్పు చేస్తే ఎవరికైనా సమాధానం చెబుతాడా అన్న ప్రశ్నలు దూరం తగ్గినంత మాత్రాన తీరవు. ఆ రెండు ప్రశ్నలనూ ఈ మూడు పట్టణాల వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రాజ్యాంగంలోని రెండు కొలతలు

రాజ్యాంగం 50వ అధికరణ కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను వేరుచేయాలని రాజ్యాన్ని ఆదేశిస్తుంది. ఆ విభజన తర్వాత న్యాయాధికారులపై అదుపు ఎవరిది అన్న ప్రశ్నకు మాత్రం రాజ్యాంగం రెండు వేర్వేరు సమాధానాలు చెప్పింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని 124వ అధికరణ ప్రకారం, హైకోర్టు న్యాయమూర్తిని 217, 218 అధికరణల ప్రకారం పార్లమెంటు ఉభయసభల ప్రత్యేక మెజారిటీతో, రుజువైన దుష్ప్రవర్తన లేదా అసమర్థత కారణంగా మాత్రమే తొలగించాలి. నోటీసు ఇవ్వడానికే 1968 నాటి న్యాయమూర్తుల విచారణ చట్టం కింద లోక్‌సభలో 100 మంది లేదా రాజ్యసభలో 50 మంది సంతకాలు కావాలి. 121, 211 అధికరణలు వారి విధి నిర్వహణపై చట్టసభల్లో చర్చను సైతం నిషేధించాయి.

జిల్లా స్థాయి న్యాయాధికారికి ఈ కవచం లేదు. 235వ అధికరణ కింది కోర్టులపై అదుపును హైకోర్టుకు అప్పగించింది. పోస్టింగు, పదోన్నతి, సెలవు, బదిలీ, వార్షిక రహస్య నివేదిక, శాఖాపరమైన విచారణ అన్నీ హైకోర్టు చేతిలో ఉంటాయి. నెలకు ఎన్ని కేసులు పరిష్కరించారో యూనిట్ల లెక్కన చెప్పుకోవాలి. ఆస్తుల వివరాలు సమర్పించాలి. 1985 నాటి న్యాయమూర్తుల రక్షణ చట్టం విధినిర్వహణలో చేసిన పనులకు దావాల నుంచి రక్షణ ఇస్తుంది కానీ, పై అధికారి అసంతృప్తి నుంచి ఇవ్వదు.

ప్రభుత్వం నుంచి స్వతంత్రత కోసం 235వ అధికరణను రూపొందించారనడంలో సందేహం లేదు. ఆ లక్ష్యం చాలావరకు నెరవేరింది. అయితే స్వతంత్రతకు బాహ్య ముఖం ఎంత ముఖ్యమో అంతర్గత ముఖం అంతే ముఖ్యం. మంత్రికి భయపడనక్కరలేని న్యాయాధికారి పై న్యాయస్థానపు తనిఖీకి భయపడి ఉత్తర్వు రాస్తే, ఆ ఉత్తర్వు కూడా స్వతంత్రమైనది కాదు.

3. నల్లగొండ ట్రిబ్యునళ్లు: స్వతంత్రత లేని తీర్పు

స్వతంత్రత లోపిస్తే ఏమవుతుందో ఈ ప్రాంత చరిత్రే చెబుతుంది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత హైదరాబాదు రాష్ట్రంలో మిలిటరీ గవర్నరు పాలన ఏర్పడింది. సాధారణ న్యాయస్థానాలు ఉండగానే ప్రత్యేక ట్రిబ్యునళ్లు వెలిశాయి. సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాలు భాగంగా ఉన్న నల్లగొండ జిల్లాలో సాయుధ పోరాట కేసులు వాటి ముందుకు వెళ్లాయి. 1949 ఆగస్టులో పలువురు రైతులకు ఉరిశిక్షలు పడ్డాయి. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వాటిని ఖాయపరిచింది. రాజ్యాంగం అమలులోకి రావడానికి అప్పటికి ఇంకా ఆరు వారాలే ఉంది.

ఆ ఆరు వారాలే నిర్ణాయకమయ్యాయి. లండను నుంచి వచ్చిన ప్రముఖ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించినా, రాజ్యాంగానికి ముందే అంతిమమైన తీర్పులపై అప్పీలు వినే అధికారం తమకు లేదని సర్వోన్నత న్యాయస్థానం 1950 డిసెంబరులో తేల్చింది. తర్వాత 32వ అధికరణ కింద వేసిన పిటిషన్లను 1951 మార్చిలో జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాదు రాష్ట్రం కేసులో కొట్టివేసింది. నిందితులకు న్యాయవాదిని సమకూర్చేందుకు ట్రిబ్యునలు చొరవ తీసుకుని ఉండవలసిందని జస్టిస్ ఫజల్ అలీ రాసిన తీర్పు అంగీకరించింది. అయినా, పరిధి గల న్యాయస్థానం విధించిన శిక్షను ఆ కారణంతో రద్దు చేయలేమన్నది. చివరికి ఉరికంబం నుంచి వారు తప్పించుకున్నది శిక్షల తగ్గింపు వల్ల. న్యాయస్థానపు తీర్పు వల్ల కాదు.

ఈ తీర్పును విమర్శనాత్మకంగా చదివితే రెండు విషయాలు తేటపడతాయి. మొదటిది, ట్రిబ్యునలుకు ఒక రకమైన జవాబుదారీతనం ఉంది. తనను నియమించిన మిలిటరీ పాలనకు అది జవాబుదారీ. నిందితుడికి మాత్రం కాదు. కనుక జవాబుదారీతనం ఉందా లేదా అని అడిగితే చాలదు, ఎవరికి అన్నదీ అడగాలి. రెండవది, లోపం జరిగిందని గుర్తించిన పై న్యాయస్థానం కూడా పరిధి అనే గీత దగ్గర ఆగిపోయింది. లోపాన్ని గుర్తించడం వేరు, దానికి ఎవరో ఒకరు సమాధానం చెప్పేలా చేయడం వేరు. 1976లో చేరిన 39ఎ అధికరణ, 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం వచ్చాక ఉచిత న్యాయసహాయం హక్కుగా మారింది. కానీ లోపానికి, సమాధానానికి మధ్య ఉన్న ఆ ఖాళీ వేరే రూపాల్లో నేటికీ కొనసాగుతోంది.

4. మిర్యాలగూడ కేసు: ఒత్తిడి మధ్య కింది కోర్టు

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి ఎదుట జరిగిన కులదురహంకార హత్య దేశమంతటా చర్చనీయాంశమైంది. హతుడు దళిత యువకుడు. ప్రధాన నిందితుడు అతని భార్య తండ్రి. న్యాయం కోరుతూ ఊరేగింపులు జరిగాయి. ఆ తండ్రికి మద్దతుగా కూడా ప్రదర్శనలు జరిగాయి. సామాజిక మాధ్యమాలు రెండు శిబిరాలుగా చీలిపోయాయి. 2020 మార్చిలో ప్రధాన నిందితుడు ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్లగొండ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది.

ఈ కేసులో న్యాయాధికారి స్వతంత్రతకు ప్రభుత్వం నుంచి వచ్చిన ప్రమాదం కంటే సమాజం నుంచి రాగల ప్రమాదం ఎక్కువ. చిన్న పట్టణంలో కులం, వ్యాపారం, రాజకీయం విడివిడిగా ఉండవు. అక్కడి అభిప్రాయానికి వెరవకుండా సాక్ష్యాన్ని తూచవలసిన బాధ్యత జిల్లా స్థాయి అధికారిపై పడింది. మరణశిక్ష సరైనదా కాదా అన్నది వేరే చర్చ. దాన్ని పరీక్షించే మార్గం చట్టంలోనే ఉంది. సెషన్సు కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు ఖాయపరచకుండా అమలు చేయరాదు. కింది కోర్టు తన కారణాలను కాగితంపై పెట్టింది. ఆ కారణాలను పై కోర్టు పరీక్షించాలి. తీర్పు విషయంలో సరైన జవాబుదారీతనం ఇదే.

ఇదే ఉదంతంపై తీసిన ‘మర్డర్’ చలనచిత్రం విషయంలోనూ ఈ సూత్రం పనిచేసింది. 2020 ఆగస్టులో నల్లగొండ న్యాయస్థానం చిత్రం విడుదలను నిలిపివేసింది. అదే ఏడాది నవంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వును తొలగించింది. ఉత్తర్వు మారింది. దాన్ని ఇచ్చిన అధికారిని దోషిగా నిలబెట్టవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

అయితే ఆరున్నరేళ్ల ఆలస్యానికి ఎవరు జవాబు చెప్పాలి? సాక్షులు, దర్యాప్తు, నిందితుల హాజరు, ఖాళీ పోస్టులు, మహమ్మారి కాలపు మూసివేతలు – వీటిలో న్యాయాధికారి చేతిలో ఉన్నవి కొన్నే. పది లక్షల జనాభాకు 50 మంది న్యాయాధికారులు ఉండాలని సుప్రీంకోర్టు 2002లో అఖిల భారత న్యాయమూర్తుల సంఘం కేసులో ఆదేశించింది. దేశం ఇప్పటికీ అందులో సగాన్ని చేరలేదు. ప్రభుత్వాలు నింపని కుర్చీల భారాన్ని ఉన్న కుర్చీలో కూర్చున్న అధికారి యూనిట్ల లెక్కలో చూపించవలసి రావడం జవాబుదారీతనం పేరిట జరుగుతున్న పొరపాటు లెక్క.

5. కింది మెట్టు: తీర్పు, నడవడికల కలగాపులగం

కింది కోర్టులో అవినీతి ఊహాజనితం కాదు. 2012 మే నెలలో ఓబుళాపురం గనుల కేసులో గాలి జనార్దన్ రెడ్డికి బెయిలు ఇచ్చిన హైదరాబాదు సీబీఐ ప్రత్యేక న్యాయాధికారిపై ముడుపుల ఆరోపణలు వచ్చాయి. అదే నెలాఖరున హైకోర్టు ఆయనను సస్పెండ్ చేసింది. జూన్‌లో అవినీతి నిరోధక శాఖ అరెస్టు చేసింది. వ్యవస్థ తలచుకుంటే ఎంత వేగంగా కదలగలదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇక్కడ ఆరోపణ ఉత్తర్వు గురించి కాదు, ఉత్తర్వు వెనుక జరిగిందని చెప్పిన బేరం గురించి. అందువల్ల ఆ చర్యకు హేతువు ఉంది.

కానీ ఇలాంటి ఉదంతాల నీడ నిజాయితీపరులపైనా పడుతుంది. పెద్ద కేసులో బెయిలు ఇస్తే అనుమానిస్తారు, నిరాకరిస్తే ఎవరూ అడగరు అన్న భావన ఏర్పడితే బెయిలు హైకోర్టుకు వదిలేయవలసిన విషయంగా మారుతుంది. దాని మూల్యం చెల్లించేది హైదరాబాదు దాకా వెళ్లలేని నిందితుడు. ఈ ప్రమాదాన్ని సుప్రీంకోర్టు గుర్తించకపోలేదు. 1988లో ఈశ్వర్ చంద్ జైన్ కేసులో, కక్షపూరిత ఫిర్యాదుల నుంచి నిజాయితీగల కింది న్యాయాధికారిని కాపాడవలసిన బాధ్యత హైకోర్టుదేనన్నది. 2019లో కృష్ణప్రసాద్ వర్మ వర్సెస్ బిహార్ రాష్ట్రం కేసులో, తప్పు ఉత్తర్వు ఇచ్చినంత మాత్రాన శాఖాపరమైన చర్య తగదని, బయటి ప్రలోభానికి లేదా దుష్ప్రవర్తనకు ఆధారం ఉండాలని స్పష్టం చేసింది. సూత్రం నిర్దుష్టంగా ఉంది. అదే సూత్రాన్ని ఇన్నిసార్లు మళ్లీ చెప్పవలసి రావడమే క్షేత్రస్థాయి పరిస్థితికి సూచిక.

2016 జూన్ నాటి సంఘటన ఈ మెట్టు బలహీనతకు మరో నిదర్శనం. రాష్ట్ర విభజన తర్వాత న్యాయాధికారుల తాత్కాలిక కేటాయింపుపై తెలంగాణ న్యాయాధికారులు నిరసన తెలిపారు. ఉమ్మడి హైకోర్టు 11 మందిని సస్పెండ్ చేసింది. సుమారు 200 మంది సామూహిక సెలవుకు సిద్ధపడ్డారు. న్యాయాధికారులు వీధికి ఎక్కడం వారి హోదాకు తగదన్న అభ్యంతరంలో బలం ఉంది. అయితే తమ సేవా సమస్యను నిర్ణయించే సంస్థ, తమపై క్రమశిక్షణ చర్య తీసుకునే సంస్థ ఒక్కటే అయినప్పుడు మొర పెట్టుకునే తావు ఏదన్న ప్రశ్నకు ఆ అభ్యంతరం సమాధానం చెప్పదు.

6. పై మెట్టు: తలుపు వెనుక విచారణ

పై మెట్టుపై దృశ్యం పూర్తిగా భిన్నం. అభిశంసన మార్గంలో పదవి నుంచి తొలగించిన న్యాయమూర్తి స్వతంత్ర భారతంలో ఒక్కరూ లేరు. 1993 మేలో జస్టిస్ వి. రామస్వామిపై తీర్మానానికి లోక్‌సభలో 196 మంది అనుకూలంగా ఓటు వేయగా 205 మంది ఓటింగుకు దూరంగా ఉన్నారు. 2011లో రాజ్యసభ తీర్మానం ఆమోదించిన తర్వాత, లోక్‌సభ చర్చకు ముందే జస్టిస్ సౌమిత్ర సేన్ రాజీనామా చేశారు. తెలుగు నేలపై 2016, 2017 సంవత్సరాల్లో ఉమ్మడి హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ సి.వి. నాగార్జున రెడ్డిపై రాజ్యసభలో నోటీసులు ఇచ్చారు. ఒక జూనియర్ సివిల్ జడ్జి చేసిన ఆరోపణలు వాటికి ప్రధాన ఆధారం. కొందరు సభ్యులు సంతకాలు ఉపసంహరించుకోవడంతో ప్రయత్నం ఆగిపోయింది. ఆరోపణలు నిజమో అబద్ధమో తేల్చే విచారణే జరగలేదు. అవి అబద్ధమైతే న్యాయమూర్తికి నిర్దోషిత్వపు పత్రం దక్కలేదు. నిజమైతే కింది అధికారికి న్యాయం దక్కలేదు. విచారణ లేకపోవడం వల్ల లాభపడిన సత్యం ఏదీ లేదు.

అభిశంసనకు తక్కువ స్థాయి ఆరోపణల కోసం సుప్రీంకోర్టు 1997లో న్యాయజీవన విలువల పునరుద్ఘాటనను, 1999లో అంతర్గత విచారణ విధానాన్ని ఆమోదించింది. 2020 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎస్.ఎ. బోబ్డేకు జస్టిస్ ఎన్.వి. రమణపై లేఖ రాసి, దాన్ని బహిరంగపరిచారు. 2021 మార్చి 24న ఆ ఫిర్యాదును పరిశీలించి తోసిపుచ్చినట్లు సుప్రీంకోర్టు ప్రకటించింది. అంతర్గత విధానం గోప్యమైనదని, వివరాలు వెల్లడించేది లేదని అదే ప్రకటనలో పేర్కొంది.

ఈ ఉదంతంలో రెండు పక్షాలనూ విమర్శించవలసి ఉంది. తన ప్రభుత్వ కేసులు కోర్టుల్లో ఉండగా, స్వయంగా కేసులు ఎదుర్కొంటున్న ముఖ్యమంత్రి న్యాయమూర్తిపై ఫిర్యాదును పత్రికలకెక్కించడం స్వతంత్రతపై ఒత్తిడి. అలాంటి ఒత్తిడికి తలొగ్గకపోవడం న్యాయస్థానం ధర్మం. అయితే తోసివేతకు కారణాలు చెప్పకపోవడం వల్ల నష్టపోయింది న్యాయస్థానమే. ఫిర్యాదు నిరాధారమని తేలితే ఆ తేల్చిన కారణాలే న్యాయమూర్తి గౌరవానికి అత్యుత్తమ రక్షణ. కోదాడలోని ఒక జూనియర్ సివిల్ జడ్జి కారణాలు రాయకుండా దావా కొట్టివేస్తే ఆ తీర్పు అప్పీలులో నిలవదు. కింది కోర్టుపై విధించిన ఈ ప్రాథమిక నియమం నుంచి పై కోర్టు తనను తాను మినహాయించుకోవడానికి తగిన హేతువు కనిపించదు.

2015లో నియామకాల కమిషన్ కేసులో భిన్నాభిప్రాయం వెలువరించిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఆక్షేపణ సారం ఇదే. గోప్యత విశ్వాసాన్ని పెంచదని ఆయన వాదించారు. మార్పు మొదలు కాలేదని చెప్పలేం. 2019 నవంబరులో ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం సమాచార హక్కు పరిధిలోకి వస్తుందని రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. 2025 మేలో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ఆస్తుల వివరాలు బహిరంగమయ్యాయి. ఇవి ఆస్తులకు, సమాచారానికి సంబంధించిన అడుగులు. నడవడికపై ఫిర్యాదు విషయంలో తలుపు ఇంకా మూసే ఉంది.

7. దామరచర్ల పాఠం: నిష్పాక్షికత కనిపించాలి

మిర్యాలగూడకు సమీపంలోని దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దానితోపాటు భద్రాద్రి కేంద్రం, ఛత్తీస్‌గఢ్ విద్యుత్ కొనుగోలు వ్యవహారాలపై తెలంగాణ ప్రభుత్వం 2024 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి కమిషన్‌ను నియమించింది. జూన్‌లో ఆయన పత్రికా సమావేశంలో విచారణాంశాలపై మాట్లాడారు. మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు అభ్యంతరం చెప్పి హైకోర్టుకు వెళ్లారు. జూలై 1న హైకోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది. జూలై 16న సుప్రీంకోర్టు, కమిషన్ అధ్యక్షుడు విషయం మంచిచెడులపై బహిరంగంగా అభిప్రాయం చెప్పడాన్ని తప్పుపట్టింది. ఆయన తప్పుకున్నారు. ఆ స్థానంలో జస్టిస్ మదన్ బి. లోకుర్ వచ్చారు.

పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి నడిపే కమిషన్ న్యాయస్థానం కాదు. దాని నివేదిక సిఫారసు మాత్రమే. అయినా ప్రభుత్వాలు మాజీ న్యాయమూర్తులను ఎంచుకోవడానికి కారణం వారి వెంట వచ్చే నిష్పాక్షికత అనే పేరు. ఆ పేరును వాడుకున్నప్పుడు దాని నియమాలకూ కట్టుబడాలి. ఈ ఉదంతంలో గమనించవలసింది పరిష్కారపు తీరు. ప్రశ్న బహిరంగంగా లేచింది. వాదనలు బహిరంగంగా జరిగాయి. రెండు వారాల్లో ఫలితం వచ్చింది. విచారణ రద్దు కాలేదు, విచారించే వ్యక్తి మారారు. ఎవరి స్వతంత్రతా దెబ్బతినలేదు. జవాబుదారీతనం పెరిగితే స్వతంత్రత తగ్గుతుందన్న తక్కెడ సిద్ధాంతానికి ఇంతకంటే సమీపమైన ప్రత్యుదాహరణ అక్కరలేదు.

8. ఒక అభ్యంతరం

ఫిర్యాదుల విచారణను బహిరంగం చేస్తే ఓడిపోయిన ప్రతి కక్షిదారూ న్యాయమూర్తిపై పడతాడన్న భయం తేలికగా తీసిపారేయదగినది కాదు. అందుకే ప్రాథమిక పరిశీలన గోప్యంగా ఉండటం సమంజసం. కానీ ముగింపు కూడా గోప్యంగా ఉండనవసరం లేదు. ఇంగ్లండులో న్యాయమూర్తుల ప్రవర్తనపై ఫిర్యాదులను పరిశీలించే కార్యాలయం క్రమశిక్షణ చర్యల ప్రకటనలను పేర్లతో సహా ప్రచురిస్తుంది. అక్కడి న్యాయమూర్తుల స్వతంత్రత దానివల్ల కూలిపోలేదు.

మన చిన్న పట్టణాల్లో మరో చిక్కు ఉంది. న్యాయాధికారి తీరును బాగా ఎరిగినవారు స్థానిక న్యాయవాదులు. మర్నాడు అదే న్యాయాధికారి ముందు వకాల్తా దాఖలు చేయవలసిన వారూ వారే. కక్షిదారుకు ధైర్యం ఉన్నా విషయం తెలియదు, న్యాయవాదికి విషయం తెలిసినా చెప్పే వీలుండదు. దీనివల్ల నికార్సయిన ఫిర్యాదులు రావు. వచ్చేవాటిలో ఆకాశరామన్న ఉత్తరాలు ఎక్కువ. ఫిర్యాదుదారుకు రక్షణ, సమాధానం లభిస్తాయన్న నమ్మకం కలిగితేనే ఈ తీరు మారుతుంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలకు రావచ్చు. తీర్పులోని తప్పుకు అప్పీలు, నడవడికలోని తప్పుకు విచారణ అన్న విభజన అన్ని స్థాయిల్లోనూ కచ్చితంగా పాటించాలి. జిల్లా న్యాయాధికారుల క్రమశిక్షణ విషయాల్లో, ఆరోపణ చేసేవారు, విచారించేవారు, శిక్షించేవారు ఒక్కటే కాకుండా హైకోర్టులోనే అంతర్గత విభజన ఉండాలి. ఉన్నత న్యాయమూర్తులపై ఫిర్యాదును ముగించేటప్పుడు, ఫలితం ఏదైనా, క్లుప్తంగానైనా కారణాలు ప్రకటించాలి. మొదటి రెండింటికీ రాజ్యాంగ సవరణ అక్కరలేదు. మూడవదానికి చట్టం కూడా అక్కరలేదు, సుప్రీంకోర్టు తీర్మానం చాలు.

స్వతంత్రత న్యాయమూర్తికి ఇచ్చిన బిరుదు కాదు. కక్షిదారు కోసం న్యాయమూర్తి వద్ద ఉంచిన ధరోహరు. 1949లో న్యాయవాది లేకుండా ట్రిబ్యునలు ముందు నిలబడిన నల్లగొండ రైతుకు అది దక్కలేదు. ఈనాడు సూర్యాపేట కోర్టులో వాయిదాకు హాజరయ్యే రైతుకు అది దక్కాలంటే, అతని కేసు వినే అధికారి పైవారికి భయపడనక్కరలేని స్థితి ఉండాలి. అతని అప్పీలు వినే న్యాయమూర్తి తన నడవడికపై వచ్చిన ప్రశ్నకు కారణాలతో సమాధానం చెప్పే స్థితి ఉండాలి.